అన్నీ ఎడమ ముక్కలే

2, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఒకటో తరగతి పిల్ల రాసినట్టుంది. ఇవాళ్టికి చాలు.

3, మంగళవారం

నిన్న ఆ రెండు ముక్కలు రాసేసరికే మెడ పట్టేసింది. రోజూ రాయమని వేళ్ళ డాక్టరమ్మ ఆర్డరు. కట్టు కట్టించిన పెద్ద డాక్టరు వేరు. ఈమె వేళ్ళకి వ్యాయామం చేయించే ఆవిడ. నా కూతురి వయసుంటుంది.

"ఏం రాయమంటారు?" అన్నాను.

"మీ ఇష్టమండీ. ఎవరికీ చూపించక్కర్లేదు. ఎడమ చెయ్యి అలవాటు పడాలి, అంతే. నెమ్మదిగా రాయండి."

నెమ్మదిగా. ఆ ఆస్పత్రిలో కాపలావాడి దగ్గర్నుంచి అందరికీ అదొక్క మాటే వచ్చు.

కుడి బొటనవేలు మొదట్లో నరం వాచిపోయిందట. ఆరు వారాలు కత్తెర ముట్టుకోకూడదట. కటింగ్ మిషను ఊసే ఎత్తకూడదట. ఎత్తితే ఏమవుతుందని అడిగాను. పెద్ద డాక్టరు నా ముఖం కూడా చూడకుండా, "ఆపరేషను. చేసినా వేలు పూర్తిగా వంగుతుందని చెప్పలేను" అన్నాడు. తర్వాతి పేషెంటుని పిలిచాడు. నాకన్నా తొందరలో ఉన్నాడు ఆయన.

కుట్టు షెడ్డులో పెద్ద టేబులు నాది. ఆస్పత్రి కోట్లన్నీ అక్కడే కోస్తాం. నేను కోసి ఇస్తేనే మిషన్ల మీద కూర్చున్నవాళ్ళకి కుట్టడానికి ముక్కలుంటాయి. ఈ ఆరు వారాలూ వాళ్ళేం చేస్తారో నాకు అర్థం కావడం లేదు. చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే పాపం.

5, గురువారం

మా ఆయన ఇవాళ యాపిల్ పండు తొక్క తీశారు. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా రావాలట. పెళ్ళయినప్పటి నుంచీ అంతే. ఎప్పుడూ మధ్యలో లాక్కుని నేనే చకచకా ముక్కలు కోసి ప్లేట్లో పడేసేదాన్ని. ఇవాళ లాక్కోవడానికి చెయ్యి లేదు. ఎదురుగా కూర్చుని చూశాను. ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, ఈ ఏడాదిలో అవుతుందా అది?"

"నీకు ఆకలేస్తోందా?"

"లేదు."

"మరి?"

మరి అంటే ఏం చెప్పను? అది ఇంకా మండింది.

8, ఆదివారం

ఖాళీగా కూర్చునే రకాన్ని కాదు నేను. ఒంటి చేత్తోనే అలమర దులిపాను, కిటికీలు తుడిచాను, మంచం జరిపాను. గాజు సీసా ఒకటి పగిలింది. ఆయన చీపురు తెచ్చి ఏమీ అనకుండా గాజు ముక్కలు ఎత్తారు. తిట్టినా బాగుండేది.

చెయ్యి నొప్పి లేదు.

11, బుధవారం

షెడ్డుకి వెళ్ళాను. ఊరికే, చూసి వద్దామని.

గుమ్మంలోంచే మిషన్ల చప్పుడు వినపడింది. చేతులు ముడుచుకుని ఎవరూ కూర్చోలేదు. అందరి ముందూ ముక్కల కట్టలున్నాయి. నా టేబులు దగ్గర నత్త నిలబడి ఉంది.

నత్త అంటే నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. చేరిన కొత్తలో ఒక్క పొర గుడ్డ పరిచి దాన్ని అరచేత్తో ఇలా నిమిరి, అలా నిమిరి, వంగి చూసి, మళ్ళీ నిమిరేది. విసుగొచ్చి నత్తా అన్నాను. అదే ఖాయమైపోయింది. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినా షెడ్డంతటికీ అది నత్తే.

"కూర్చోండి మాస్టరమ్మా" అని స్టూలు లాగింది. నా షెడ్డులో నాకు స్టూలు!

"కూర్చోడానికి రాలేదు. ఎలా ఉంది పని?"

"నడుస్తోందండీ."

నడుస్తోందట. ఆ మాట కొంచెం నసుగుతూ చెప్పినా బాగుండేది.

12, గురువారం

నిన్న నత్త గుడ్డ వంకరగా పరిచింది.

లేదు. సరిగ్గానే పరిచింది. ఎందుకలా రాశానో.

16, సోమవారం

ఓనరు ఫోన్ చేశాడు. కొత్త ఆస్పత్రి కడుతున్నారు కదా, దాని కోట్ల ఆర్డరంతా మనకే వచ్చిందట. వచ్చే నెల 21న కోత మొదలు.

"మాస్టరమ్మా, ఆ రోజుకి మీరు టేబులు దగ్గరుండాలి. ఉండలేనంటే ఇప్పుడే చెప్పండి, ఆ అమ్మాయికి ఇచ్చేస్తా. పెద్ద ఆర్డరు. ఒకసారి ఇచ్చాక మధ్యలో వెనక్కి తీసుకోవడం బాగుండదు."

"ఎవరన్నారు ఉండలేనని?" అన్నాను.

ఆరు వారాలూ 14కే అయిపోతాయి. ఇంకా వారం మిగులుతుంది కూడా. ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చుంటే చాలు. అందరూ చేసేదే, దానికేం వచ్చింది?

19, గురువారం

ఆయన లైబ్రరీలో డ్యూటీకి వెళ్ళాక కట్టు విప్పాను. పాత దుప్పటి ఒకటి కోశాను. వేలికి పని తప్పిపోకూడదు కదా.

నొప్పి లేదు. కొంచెం. చలికి అయ్యుంటుంది.

20, శుక్రవారం

ఇంకో దుప్పటి.

22, ఆదివారం

"దుప్పట్లేవి?" అని అడిగారు ఆయన. పాతబడిపోతే మసిగుడ్డలు చేశానన్నాను. మసిగుడ్డల దొంతర చూశారు. ఇల్లంతా తుడిచినా తరగదు. నా చెయ్యి కూడా చూశారు. ఏమీ అనలేదు. ఈ మనిషితో పోట్లాడటానికి కూడా వీలు లేదు.

24, మంగళవారం

నిన్నటిది రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

25, బుధవారం

సోమవారం పొద్దున్నే కట్టు విప్పి సంచిలో పడేసి షెడ్డుకి వెళ్ళాను. ఇంక నావల్ల కాలేదు. నేను లేకుండా నడుస్తోందన్న మాట పది రోజులుగా గొంతులో ముల్లులా ఉంది. ఒక్క కోత కోసి, మాస్టరమ్మంటే ఏమిటో చూపించి వచ్చేద్దామనుకున్నాను. ఎవరికి చూపించాలనో మాత్రం అనుకోలేదు.

నత్త దారం గదిలోకి వెళ్ళింది. టేబులు మీద గుడ్డ పరిచి సిద్ధంగా ఉంది. లేత ఆకుపచ్చ, కోటు గుడ్డ. ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. నేను పరిచే పద్ధతిలో ఒక పొర నునుపు పైకి ఉంటే, దాని మీది పొర నునుపు కిందికి ఉంటుంది. ముఖానికి ముఖం. అలా పరిస్తే ఎడమ భాగం ఒక్కటీ గీసి కోస్తే చాలు, ఒక పొరలో ఎడమది, దాని మీది పొరలో కుడిది వాటంతటవే వస్తాయి. గీసే పని సగానికి సగం తగ్గుతుంది. షెడ్డులో ఆ పద్ధతి పెట్టింది నేనే. నత్తకి అది ఎప్పుడూ నచ్చలేదు. అది ఏ పొరకి ఆ పొర తెంపి, అన్నీ నునుపు పైకే ఉండేలా పరుస్తుంది, ఎడమా కుడీ రెండూ గీస్తుంది. ఆలస్యం. నా ఎదుట అలా చెయ్యనిచ్చేదాన్ని కాదు.

నేను లేను కాబట్టి తన పద్ధతిలో పరుచుకుంది. అంచు ఎత్తి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. ఎడమ భాగం ఆకారంలో కత్తిరించిన నా అట్ట పెట్టాను, చుట్టూ గీశాను, మిషను ఆన్ చేశాను.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ చప్పుడు, చేతిలో ఆ అదురు, వెనక నుంచి అందరూ చూస్తున్నారని తెలియడం. బొటనవేలు భగ్గుమంటోంది. మండనీ అనుకున్నాను. గబగబా లాగించేశాను. కట్టలు కట్టి మిషన్ల మీదికి పంపించేశాను. నత్త తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు కుట్టేవాళ్ళలో ఒకామె రెండు ముక్కలు పట్టుకుని లేచింది.

"మాస్టరమ్మా, కుడి ముక్కలేవి?"

"కట్టలోనే ఉంటాయి, చూడు."

"అన్నీ ఎడమవే ఉన్నాయండీ."

అన్నీ ఎడమవే. ముందు భాగాలూ ఎడమవే, చేతులూ ఎడమవే. తిప్పి వాడదామంటే గరుకు బయటికి వస్తుంది. వేరే తానులోంచి కుడివి కోద్దామంటే ఆకుపచ్చలో తేడా వస్తుంది, కోటు రెండు రంగులవుతుంది. కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యని పని. తల కొట్టేసినట్టయింది.

నత్త మెల్లిగా వచ్చి నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినపడేలా, "అడిగితే చెప్పేదాన్ని కదా మాస్టరమ్మా" అంది.

ఓనరు అరవలేదు. "పొరపాట్లు అందరికీ జరుగుతాయి. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి, 21కి రండి" అన్నాడు. మా ఆయనలాగే ఈయనా అరవలేదు. నేను బయల్దేరేసరికి నత్త ఆ ముక్కలన్నీ ముందేసుకుని వాటిలోంచి జేబులు, కాలర్లు వస్తాయేమోనని గీసుకుంటోంది. నిదానంగా.

దారిలో బస్సులో కమ్మీ పట్టుకుందామంటే వేలు మూసుకోలేదు.

27, శుక్రవారం

పెద్ద డాక్టరు ఈసారి నా ముఖం చూశాడు. మళ్ళీ కట్టు. లెక్క మళ్ళీ మొదటి నుంచి.

"చిన్న కత్తెర, సూది, మామూలు పనులు నిదానంగా చేసుకోగలుగుతారు. ఆ పెద్ద మిషను సంగతి మాత్రం ఇంక మర్చిపోండమ్మా. మళ్ళీ పట్టారంటే వేలు వదులుకోవాల్సిందే."

28, శనివారం

పడుకున్నాను.

29, ఆదివారం

పడుకున్నాను.

1, మంగళవారం

ఓనరుకి ఇంకా చెప్పలేదు. 21 నాడు మాత్రలేసుకుని నిలబడితే? మొదటి వారం నెట్టుకొస్తే చాలు, టేబులు నా చేతిలో ఉంటుంది. ఆ తర్వాత చూసుకోవచ్చు. వేలు పోతే పోతుంది. అందరికీ పది వేళ్ళుండాలని ఎక్కడుంది?

ఇలా రాసి మళ్ళీ చదువుకుంటే నాకే భయమేసింది.

4, శుక్రవారం

తల దువ్వుకోక ఎన్నాళ్ళయిందో. ఒంటి చేత్తో చిక్కు రాదు. ఇవాళ కత్తిరించేద్దామని ఆయన్ని కత్తెర అడిగాను. ఆయన దువ్వెన తెచ్చారు.

"మీకు రాదు" అన్నాను.

"రాదు" అని ఒప్పుకుని వెనక కూర్చున్నారు.

చివర్ల నుంచి మొదలుపెట్టారు. ఒక పాయ తీసుకోవడం, చిక్కు వేళ్ళతో విడదీయడం, అప్పుడు దువ్వడం. లైబ్రరీలో చెదలు పట్టిన పుస్తకం పేజీలు కూడా ఇలాగే విడదీస్తారేమో. మొదట్లో "కానివ్వండి, కానివ్వండి" అన్నాను. తర్వాత అనడం మర్చిపోయాను. ఎండ కిటికీలోంచి మోకాళ్ళ మీదికి వచ్చి, పక్కకి జరిగి, గోడెక్కింది. నొప్పి లేదు. నిజంగా లేదు, ఎందుకంటే ఆయన లాగలేదు. నేను దువ్వుకుంటే రోజూ గుప్పెడు ఊడేది.

అయిపోయాక ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. "నొప్పెట్టిందా?" అని కంగారుపడ్డారు పాపం.

జడ మాత్రం ఘోరంగా వేశారు. ఒక పక్కకి ఒరిగిపోయింది. అలాగే ఉంచుకున్నాను.

7, సోమవారం

మళ్ళీ దువ్వారు. నేనడగలేదు. కానీ ఆయనకి కనపడేలా దువ్వెన బల్ల మీద పెట్టాను.

9, బుధవారం

ఒక నిజం రాస్తాను. ఎలాగూ ఎవరూ చూడరు.

నాకు గౌన్లన్నీ బిగుతు. చంకల దగ్గర ఒరుసుకుని మచ్చలు పడ్డాయి. గుడ్డ ఉతికితే దగ్గరపడుతోందని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాను. గుడ్డలో ఏమీ లేదు. నా గౌన్లు నేనే కోసుకుంటాను, నా అట్టతో. ఆ అట్ట నేను ముప్పైల్లో ఉండగా చేసుకున్నది. అప్పటి నుంచీ మళ్ళీ టేపు ఒంటికి చుట్టుకోలేదు. కొలిస్తే కొత్త అట్ట చెయ్యాలి, దానికి టైమెక్కడిదని. ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ నోటికొచ్చిన మనిషికి తన కొలత తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. అదీ సంగతి.

"ఏమండీ, టేపు పట్టడం వచ్చా?" అన్నాను.

వచ్చన్నారు. టేపు తిరగేసి పట్టి నా భుజం వెడల్పు చెప్పారు. ఆ లెక్కన నేను తలుపులో పట్టను. ఇద్దరం నవ్వాం. మళ్ళీ తిప్పి పట్టి, ఒక్కో కొలతా పైకి చదివి రాసుకున్నారు. ఛాతీ, నడుము, చెయ్యి చుట్టూ. నడుము ఎంతో ఇక్కడ కూడా రాయను.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన మాత్రం టేపు చుడుతూ, "అంతేగా, మనిషన్నాక ఉంటుంది" అన్నారు. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. కోపమొచ్చింది. తర్వాత తేలిగ్గా అనిపించింది.

12, శనివారం

కొత్త గౌను కోశాం. కోశాం అనే రాయాలి. నా కుడి చేతికి సెలవు. ఎడమ చేత్తో కోద్దామంటే మన కత్తెరలు ఆ చేతిలో గుడ్డని కొయ్యవు, నమిలేస్తాయి. ఎడమ చేత్తో చాకుపీసు పట్టి నేను గీశాను, కత్తెర ఆయన పట్టారు.

ఒక్క గౌను. ఒక్క పొర. షెడ్డులో అయితే దానికి తలెత్తి కూడా చూడను. ఇక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఆయన గీత మీదే నడిచారు, గీతకి ఇవతలా కాదు అవతలా కాదు. మూలల దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నారు. "త్వరగా" అని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. కాసేపటికి ఆ అవసరం కూడా లేకపోయింది. గుడ్డ విడిపోతున్న శబ్దం వినపడింది. ఆ శబ్దం నాకు ఇష్టమని, దాని కోసమే చిన్నప్పుడు ఈ పనిలోకి వచ్చానని గుర్తొచ్చింది. పెద్ద మిషను మోతలో అది వినపడక ఎన్నేళ్ళయిందో.

14, సోమవారం

మొదట చెప్పిన ఆరు వారాలు ఇవాళ్టికి. నోరు మూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఇవాళ కట్టు తీసేసేవాళ్ళు. అలా కూర్చోవడం నాకు వస్తే ఈ వేలు ఇలా అయ్యేదే కాదు.

అలసటగా ఉంది. ఈ అలసట ఇప్పటిది కాదనిపిస్తోంది. ఇన్నేళ్ళదీ వరసలో నిలబడి ఉంది, ఒక్కొక్కటే లోపలికి వస్తోంది.

16, బుధవారం

నత్త వచ్చింది. పండ్లు తెచ్చింది. కూర్చోడానికి కాసేపు, నోరు విప్పడానికి ఇంకాసేపు.

"గౌను బాగుందండీ. ఎవరు కోశారు?"

"మా ఆయన."

అబద్ధమనుకుని నవ్వింది. ఆయన వంటింట్లోంచి, "కుట్టింది పక్కింటావిడ. కోసింది మాత్రం నేనేనమ్మా" అన్నారు గర్వంగా.

షెడ్డు కబుర్లు చెప్పింది. కొత్త ఆస్పత్రి వాళ్ళు పంపిన కొలతల్లో కొన్ని మన సైజుల్లో దేనికీ కుదరవట. ఒకరికి గూని, ఒకరికి ఒక చెయ్యి పొట్టి, ఒకామె మరీ లావు. ఓనరు వాటిని తిప్పి పంపేస్తానంటున్నాడట.

"మీరూ ఎప్పుడూ తిప్పి పంపించేవారు కదండీ. ఒక్క కోటు కోసం టేబులు ఆపలేమని."

అవును. కుదిరిన సైజు ఏదో ఒకటి వేసుకోమని చెప్పండి అనేదాన్ని. వేసుకునే ఉంటారు, చంకల్లో ఒరుసుకుంటూ.

"నిన్ను నత్తా అంటే నీకు కోపం రాదా?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించింది. దానికి ప్రతిదీ అంతే.

"వచ్చేదండీ. ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. తర్వాత మీరు లేనప్పుడు చూసుకున్నా. నేను పరిచిన గుడ్డలో ఒక్క ముక్కా పాడవలేదు. అప్పట్నుంచి రావట్లేదు."

యాపిల్ పండు తినమన్నాను. ఆయన తొక్క తీస్తున్నారు. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "21కి మీరొస్తున్నారు కదండీ?" అంది. రావాలనే అడిగిందా, రాకూడదని అడిగిందా? ముఖంలో ఏమీ కనపడలేదు. ఆ టేబులు తనకీ కావాలి. ఎందుకు అక్కర్లేదు?

18, శుక్రవారం

మాత్రలు తెచ్చి పెట్టుకున్నాను. ఊరికే. ఉంటే మంచిదని.

20, ఆదివారం

రేపే.

టేబులు లేకపోతే నేనెవరిని? షెడ్డుకి వచ్చేవాళ్ళకి, "అదిగో, ఆవిడ" అని చూపిస్తారు. రేపటి నుంచి వేలు ఎవరి మీదికి తిరుగుతుంది? ఇది చిన్న విషయమని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆయన చెప్పలేదు. "నువ్వు ఏం చేసినా సరే" అని కూడా అనలేదు. "వేలు పోగొట్టుకోకు, నాకు భయంగా ఉంది" అన్నారు. అంత సూటిగా ఆయన మాట్లాడటం ఇదే మొదటిసారి.

21, సోమవారం

షెడ్డు. తానులు వచ్చి ఉన్నాయి. నత్త టేబులు తుడిచి, నా అట్టలన్నీ వరసగా పేర్చి, పక్కకి తప్పుకుని నిలబడింది. ఓనరు మిషను ప్లగ్గు పెట్టి, "కానివ్వండి మాస్టరమ్మా" అన్నాడు. మిషన్ల మీద ఉన్నవాళ్ళందరూ నా కట్టు వైపు చూస్తున్నారు.

టేబులు మీద చెయ్యి పెట్టాను. ఆ చెక్క నా అరచేతికి తెలిసినంతగా నా ముఖం కూడా నాకు తెలియదు.

"టేబులు దానికి ఇచ్చెయ్యండి సార్."

"బాగా ఆలోచించుకున్నారా?"

"లేదు సార్. ఆలోచిస్తే ఇవ్వలేను."

ఓనరు నత్త వైపు చూశాడు. నేనే అందుకున్నాను.

"ఆ కుదరని కొలతలు వెనక్కి పంపొద్దు. కిటికీ దగ్గర చిన్న బల్ల ఉందిగా, దాని మీద ఒక్కొక్కటే నేను చేస్తాను. కట్టు విప్పేదాకా కొలతలు తీస్తాను, గీస్తాను. కొయ్యడం తర్వాత."

"వాటికి బోలెడు టైము పడుతుందని మీరే అనేవారు."

"పడుతుంది."

ఓనరు సరేనన్నట్టు తలూపాడు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. పెద్ద మనసుతో ఇచ్చానని రేపు ఎవరైనా అంటారు. కాదు. పోయింది. నాది నా చేతుల్లోంచి పోయింది. లోపల నిలబడి ఉండగానే బయట మిషను మోగింది. నత్త మొదటి కోత. మోత ఎక్కడా తడబడలేదు. ముఖం కడుక్కుని బయటికి వచ్చాను.

మధ్యాహ్నం, ఓనరు ఫోన్ చేసి రమ్మంటే, కొత్త ఆస్పత్రి నుంచి ఒకామె కొలతలకి వచ్చింది. వార్డులు తుడిచే పని. ఒక భుజం బాగా కిందికి వాలి ఉంది. ఒక వైపు జారిపోతున్న పాత కోటుకి పిన్నీసు పెట్టుకుంది. లోపలికి వస్తూనే క్షమాపణలు మొదలుపెట్టింది.

"త్వరగా అయిపోతుందా అండీ? మీకు పనుంటుంది. నా ఒళ్ళే ఒక వంకర ఒళ్ళు. ఏదో ఒక సైజు ఇచ్చేసినా సర్దుకుంటా, నాకు అలవాటే."

టేపు ఆమె వాలిన భుజం మీద పెట్టాను. బిగుసుకుపోయి, ఊపిరి బిగబట్టి, ఆ భుజాన్ని పైకి ఎత్తి పట్టుకుంది. కొలిచినంతసేపైనా సమంగా కనపడాలని. అలా ఎత్తి పట్టడం ఎలాంటిదో నాకు తెలుసు.

"వదిలెయ్యమ్మా భుజం. ఎలా ఉంటుందో అలాగే ఉండనీ. తొందరేం లేదు" అన్నాను.

వెనక కుట్టుమిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఎవరో, "ఆ మాటన్నది మన మాస్టరమ్మేనా?" అంది. ఇంకెవరో ఫక్కున నవ్వింది. దాంతో అందరూ అందుకున్నారు. పెద్ద టేబులు దగ్గర నత్త అరచెయ్యి గుడ్డ మీద అలాగే ఉంచి నా వైపు తిరిగి నోరు తెరుచుకుని చూస్తోంది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. టేపు చేతిలోంచి జారిపోయింది. కొలిచిన కొలత కూడా మర్చిపోయాను. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా కొలతలకి వచ్చినామె కూడా మెల్లిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎత్తి పట్టిన భుజాన్ని వదిలేసింది.

టేపు తీసుకుని మళ్ళీ మొదటి నుంచి కొలిచాను.